నిజం కుక్క

రాత్రి ఎనిమిదిన్నరకి మావాడు అన్నం కంచం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. స్కూల్లో ఎవరైనా ఏమన్నా అన్నారేమోనని నాకు టెన్షన్. అదేం కాదు, ‘వేర్ ద రెడ్ ఫెర్న్ గ్రోస్’ చివరి పేజీలకి వచ్చాడట.

విల్సన్ రాల్స్ నవల అది, 1961లో వచ్చింది. ఐదో తరగతి కదా, క్లాసులో చదివిస్తున్నారు. వాడితోపాటు నేనూ చదివాను. కథ జరిగే ఓక్లహోమా కొండలు మా డాలస్ నుంచి కారులో నాలుగైదు గంటలే. పేద రైతు కొడుకు బిల్లీకి రెండు వేటకుక్క పిల్లలు కావాలి. చేపలు పట్టేవాళ్ళకి ఎరలు, కొండపళ్ళు అమ్మి, 2 ఏళ్ళలో 50 డాలర్లు బేకింగ్ పౌడర్ డబ్బాలో దాస్తాడు. వట్టి కాళ్ళతో తాలెక్వా అనే ఊరి దాకా నడిచి, కుక్కపిల్లల్ని గోతంలో వేసుకుని, తలలు మాత్రం బయటికి పెట్టి మోసుకొస్తాడు. ధర తగ్గి 10 డాలర్లు మిగిలితే వాటితో అమ్మకీ నాన్నకీ చెల్లెళ్ళకీ కొంటాడు. అక్కడ నాకు అచ్చం మన ఊరి పిల్లాడే అనిపించాడు.

చివర్లో ఆ రెండు కుక్కల్లో ఒకటి, ఓల్డ్ డాన్, కొండసింహంతో పోరాడి చనిపోతుంది. రెండోది, లిటిల్ ఆన్, తిండి మానేసి, దాని సమాధి దాకా పాక్కుంటూ వెళ్ళి అక్కడే ప్రాణం వదులుతుంది.

నాకు తెలిసిన ఓదార్పు ఒకటే. “ధర్మరాజు కూడా కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడురా” అని మొదలుపెట్టాను. శ్రద్ధగా విన్నాడు. ఆ కుక్క చివరికి ధర్మదేవత అని తేలేసరికి చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుని, “అయితే అది నిజం కుక్క కాదు కదమ్మా. ఓల్డ్ డాన్ నిజం కుక్క” అన్నాడు.

ఏం చెప్పను? ఫోన్ తీసి నాయనకి వీడియో కాల్ చేశాను. చిత్తూరు దగ్గర మా ఊళ్ళో అప్పుడు పొద్దున ఏడు.

“బిడ్డ ఎందుకు ఏడస్తా ఉండాడు?”

చెప్పాను. కథలో ఆ కుక్కలు వేటాడే రకూన్ అంటే ఏమిటో చెప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది. కళ్ళచుట్టూ మసి పూసినట్టుంటుంది, తోకకి చారలు, రాత్రుళ్ళు మా చెత్తడబ్బాలు పడేసేది అదే అన్నాను. “దాన్ని చంపి ఏం జేస్తారు?” అన్నాడు. చర్మానికి, ఆ రోజుల్లో కోట్లు కుట్టించుకునేవాళ్ళు అన్నాను. నాయన కాసేపు మాట్లాడలేదు.

“నాకూ ఒకటుండె. చెనక్కాయ చేన్లో పందులు పడకుండా మంచె కింద పండుకుంటా ఉండె.”

నలభై ఏళ్ళుగా కూతుర్ని, నాకిది తెలియదు. చిన్నప్పుడు కుక్కపిల్లని తెచ్చుకుంటానంటే గడప తొక్కనీయనన్న మనిషి ఆయన.

మావాడు ఫోన్ లాక్కున్నాడు. వాడి తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది, తాతది వాడికి సగమే అర్థమవుతుంది. మధ్యలో నేను.

“ఏం తినేది తాతా?”

“సంగటి. నేను తిన్నదే.”

“ఎలా చచ్చిపోయింది?”

“పంది కోర దిగె. కడుపు చీలిపోయె.”

“కుట్టారా?” పుస్తకంలో బిల్లీ వాళ్ళమ్మ కుట్టింది మరి.

“యాడ కుట్టేది నాయనా. పసుపు పెట్టి పంచె చింపి కట్టినా. తెల్లారేదాకా ఉండె.” చింతచెట్టు కింద పూడ్చాడట. ఆ చెట్టు నాకు తెలుసు. దాని కింద అచ్చనగాయలు ఆడుకున్నాను.

పేరేమిటని అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. “పేరేముంటాదిలే. మర్చిపోతి.”

మర్నాడు లేచి చూస్తే ఏడు సెకన్ల వాయిస్ మెసేజ్. “బిడ్డకు చెప్పు. దాని పేరు కర్రిగాడు.”

మావాడికి ‘ర్ర’ పలకదు. స్కూలు దాకా కారు వెనక సీట్లో కరిగాడు, కరిగాడు అనుకుంటూనే ఉన్నాడు.