ఒక్క రోజు నవల
అమీర్‌పేటలో మెట్రో మారే తోపులాటలో కూడా పుస్తకం మూయబుద్ధి కాలేదు. సమంతా హార్వే ‘ఆర్బిటల్’. 2024 బుకర్ ప్రైజ్ దీనికే.

ఆరుగురు వ్యోమగాములు, ఒక్క రోజు. భూమి చుట్టూ 16 సార్లు తిరుగుతారు, అంతే. విలన్ లేడు, ట్విస్ట్ లేదు. వాళ్లలో ఒకామెకు తల్లి పోయిందన్న కబురు వస్తుంది. అంత్యక్రియలకు కిందికి దిగే దారి లేదు. ఆ పేజీల దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఈ మధ్య సాహిత్య నవలలు రాసేవాళ్లలో కొందరికి కథంటే చిన్నచూపేమో అని నా అనుమానం. అందమైన వాక్యాలు పేర్చి మనల్ని వదిలేస్తారు. ఇందులోనూ మధ్యలో కాస్త సాగదీత ఉంది, కాదనను. చిన్న పుస్తకం కాబట్టి సరిపోయింది. ఇదే 400 పేజీలైతే నాగోల్ వచ్చేదాకా కూడా ఓపిక పట్టేదాన్ని కాదు.