సిలికో మాంగనీస్ గురించి నాలుగు మాటలు

ఇల్లు కట్టేవాళ్లు ఊచలు కొనేటప్పుడు ఏ కంపెనీ, ఏ గ్రేడు, టన్ను ఎంత అని అడుగుతారు, అందులో మాంగనీస్ ఎంతుందని అడిగినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. స్టీల్ కరిగించే షాపులో పనిచేసే నాకు మాత్రం ఆ ఊచ గట్టిదనం గురించి మాట్లాడాలంటే ముందు గుర్తొచ్చేది ఫెర్రో ఎల్లాయ్సే, అంటే ఉక్కులో కలపడానికి ఇనుముతో మాంగనీస్, సిలికాన్, క్రోమియం లాంటివి చేర్చి చేసిన లోహపు ముద్దలు. సిలికో మాంగనీస్ వాటిలో ఒకటి, అందులో మాంగనీస్, సిలికాన్ రెండూ ఉంటాయి.

కన్వర్టర్‌లో, అంటే కరిగిన ఇనుమును ఉక్కుగా మార్చే పెద్ద పాత్రలో, ఆక్సిజన్ ఊది కార్బన్‌ని కాల్చేస్తాం కదా, ఆ ఊదిన ఆక్సిజన్‌లో కొంత కరిగిన ఉక్కులోనే ఉండిపోతుంది. అలాగే పోత పోస్తే గడ్డకట్టేటప్పుడు మిగిలిన కార్బన్‌తో కలిసి గ్యాసై బుడగలు కట్టి లోపలంతా బెజ్జాలే. సిలికాన్, మాంగనీస్ వేస్తే ఆ ఆక్సిజన్‌ని అవి పట్టేసుకుంటాయి. గంధకం ఇంకో తలనొప్పి. అది ఇనుముతో కలిస్తే 988 డిగ్రీలకే కరిగిపోయే పదార్థమై రేణువుల మధ్య పొరలా చేరుతుంది, బిల్లెట్‌ని (పోత పోసిన ఉక్కు కడ్డీని) 1100 పైన వేడిచేసి రోలర్ల మధ్య నొక్కే రోలింగ్‌కి పంపగానే ఆ పొరల దగ్గరే పగుళ్లిస్తుంది. మాంగనీస్ ఉంటే గంధకం ఇనుము జోలికి పోకుండా దానితోనే కలుస్తుంది, ఆ సల్ఫైడ్ రోలింగ్ వేడికి కరగదు. 1856లో గాలి ఊది ఉక్కు చేసే బెస్సెమర్ పద్ధతి వచ్చిన కొత్తలో ఉక్కు ఇలాగే పగులుతుంటే రాబర్ట్ ముషెట్ మాంగనీస్ ఉన్న ఇనుము కలిపి దారి చూపించాడు. ఇవాళ్టికీ చేస్తున్నది అదే పని.

వేసే సమయం చాలా ముఖ్యం. హీట్ (ఒక విడత ఉక్కు) తయారయ్యాక కన్వర్టర్‌ని వంచితే 1650 డిగ్రీల ఉక్కు లేడిల్ అనే పెద్ద బకెట్‌లోకి ధారగా పడుతుంది, లేడిల్ పావు వంతు నిండాక సిలికో మాంగనీస్ లంప్స్ వదులుతాం, పైనుంచి పడే ధారే వాటిని కలిపేస్తుంది. మరీ ముందు వేస్తే అడుగున అంటుకుంటాయి, ఆలస్యమైతే పైన తేలే మడ్డిలో, అంటే స్లాగ్‌లో చిక్కి వృథా అవుతాయి. వానాకాలంలో నాకు టెన్షన్ ఎక్కువ. తడి లంప్ లేడిల్‌లో పడితే ఎగజిమ్ముతుంది, ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. తడిసిన ఫెర్రో సిలికాన్ కుప్ప దగ్గర వెల్లుల్లి లాంటి వాసన వస్తే అక్కడ నిలబడకండి, అది ఫాస్ఫీన్, విషం.

విడి లోహాలే వేయొచ్చు కదా అని కొత్త పిల్లలు అడుగుతుంటారు. క్రోమియం కరగాలంటే 1907 డిగ్రీలు కావాలి, మన ఉక్కు అంత వేడి ఉండదు. ఫెర్రో క్రోమ్ అయితే తొందరగా కలిసిపోతుంది. పైగా ఖనిజంలో ఎలాగూ ఇనుము ఉంటుంది, దాన్ని ఖర్చుపెట్టి తీసేసి మళ్లీ ఇనుములోనే కలపడం దేనికి?

ఈ సరుకు తయారీకి విజయనగరం జిల్లా పాత కాణాచి. 1890ల నుంచే అక్కడ మాంగనీస్ తవ్వారు, గరివిడిలో ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చింది, గర్భాంలో వైజాగ్ స్టీల్‌కి సొంత గని ఉంది. మన ఖనిజంతో ఉన్న చిక్కు ఫాస్ఫరస్, అది ఖనిజం కరిగించే కరెంటు ఫర్నేస్‌లో స్లాగ్‌లోకి పోకుండా దాదాపు అంతా లోహంలోకే దిగుతుంది, ఉక్కుని పెళుసు చేస్తుంది. అందుకే ఫాస్ఫరస్ తక్కువున్న బయటి ఖనిజంతో కలిపి వాడుకోవాలి.

ఖనిజం కన్నా పెద్ద బాధ కరెంటు. టన్ను సిలికో మాంగనీస్‌కి సుమారు 4000 యూనిట్లు, అంటే నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి ఇరవై నెలల కరెంటు. ఫెర్రో సిలికాన్‌కి దీనికి రెట్టింపు. రేటు పెరిగినప్పుడు ఫర్నేస్ ఆపి తగ్గినప్పుడు మళ్లీ వేసుకోండి అనేవాళ్లకు ఆ పని తెలియదు. చల్లబడిన ఫర్నేస్‌ని మళ్లీ వేడెక్కించేటప్పుడు లోపలికి కరెంటు పంపే ఎలక్ట్రోడ్లు విరుగుతాయి, లోడ్ నెమ్మదిగా పెంచుకుంటూ రావాలి, అన్ని రోజులూ కరెంటు ఖర్చే తప్ప సరుకు రాదు. ఏడాదికోసారి ప్రకటించే రాయితీల కంటే నాలుగైదేళ్లు కదలని ఒక్క రేటు ఇస్తే చాలు, ఈ ఫ్యాక్టరీలు వాటి లెక్కలు అవి చూసుకుంటాయి.