శాలిబండకు రాని రైలు

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ మెయిన్ రోడ్డు మీద మా నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. వాన పడితే వెనక అరల మీద నీళ్లు కారేవి. నేను డిగ్రీ చదివే రోజుల నుంచీ స్లాబు మార్పించమని అడుగుతూనే ఉన్నాను. ప్రతిసారీ ఒకటే జవాబు. "ఎట్లాగూ మెట్రోల పోయే దుకాణానికి పైసలెందుకు పెట్టాలె బిడ్డా?" అట్లా పదేళ్లకు పైగా ఆ స్లాబు కింద బకెట్ పెట్టుకుని వ్యాపారం చేశారు.

మెట్రో మొదటి దశలోనే రెండో కారిడార్ సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్ నుంచి ఫలక్‌నుమా దాకా అని రాసి ఉంది. 2020 ఫిబ్రవరి 7న తెరిచింది మాత్రం మూసీ పక్కనున్న ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా, 11 కిలోమీటర్లు. మూసీ దాటి పాతబస్తీలోకి రావాల్సిన ఐదున్నర కిలోమీటర్లు అక్కడే ఆగిపోయాయి. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, శంషీర్‌గంజ్, ఫలక్‌నుమా. ఈ ఐదు స్టేషన్ల పేర్లు మా వీధిలో చిన్నపిల్లలు కూడా వరసగా చెప్పేవాళ్లు.

ఎందుకు ఆగిందో అర్థం చేసుకోవాలంటే ఆ దారిలో ఒకసారి నడవాలి. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్ల, హరిబౌలి, శాలిబండ. ఇరుకు రోడ్డు, రెండు పక్కలా దుకాణాలు, వాటి మధ్య మసీదులు, మొహర్రం సంతాపం జరిపే ఆషుర్‌ఖానాలు, గుళ్లు. మొహర్రంలో బీబీ కా ఆలం అనే పవిత్ర చిహ్నం ఊరేగింపు ఏనుగు మీద పురానీ హవేలీ, దారుల్‌షిఫాల మీదుగానే పోతుంది. బోనాలప్పుడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం కూడా ఏనుగు మీదే బయల్దేరుతుంది. అక్కడ పిల్లర్ ఎక్కడ పాతాలన్నది ఇంజినీర్లు ఒక్కళ్లే తేల్చగలిగే విషయం కాదు. అభ్యంతరాలు వచ్చాయి, దారి మార్చాలన్న ఆలోచనా వచ్చింది, ఏళ్లు గడిచాయి. అభ్యంతరం చెప్పినవాళ్లను నేను తప్పు పట్టను. ప్రార్థన చేసుకునే చోటు పోతుందంటే ఎవరికైనా భయమే.

నా బాధ వేరే. ఈ లైన్ వస్తుందని కానీ, రద్దయిందని కానీ మాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఒకసారి ఎవరో వచ్చి కొలతలు తీసుకుని గోడ మీద గుర్తు పెట్టి వెళ్లారు. ఆ గుర్తు ఉన్నన్నాళ్లూ అమ్ముదామంటే కొనేవాళ్లు రారు, మరమ్మతు చేయించడానికి మనసొప్పదు. పక్క దుకాణం చాచా పైన ఒక అంతస్తు వేసి కొడుకు కాపురం పెట్టిద్దామనుకున్నారు. ఆ కొడుకు ఇప్పుడు బండ్లగూడలో కిరాయికి ఉంటున్నాడు.

నేను ఉద్యోగానికి వెళ్లేది రాయదుర్గం. శాలిబండ నుంచి బస్సులో అఫ్జల్‌గంజ్, అక్కడి నుంచి ఎంజీబీఎస్‌కు నడక, రెడ్ లైన్‌లో అమీర్‌పేట, మళ్లీ బ్లూ లైన్. రైలెక్కాక ఏ టెన్షన్ లేదు. టెన్షన్ అంతా రైలు దాకా చేరడంలోనే.

అందుకే 2022 డిసెంబర్ 9న ఆఫీసు దగ్గర్లోనే, మైండ్‌స్పేస్ దగ్గర, ఎయిర్‌పోర్ట్ మెట్రోకు శంకుస్థాపన జరిగిన రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది. రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు, మూడేళ్లలో పూర్తి అన్నారు. ఎక్కువ భాగం ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి. అక్కడ ఇంకా జనమే సరిగ్గా లేరు. ఇక్కడ తరాలుగా ఉన్నవాళ్లం ఐదున్నర కిలోమీటర్ల కోసం చూస్తూనే ఉన్నాం. ఏడాది తర్వాత ప్రభుత్వం మారింది, ఆ లైన్‌ను పక్కన పెట్టారు. ఎయిర్‌పోర్ట్‌కు నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్టల మీదుగా కొత్త దారి గీశారు. ఆ నిర్ణయం సరైందనే నా అభిప్రాయం. రైలు ముందు మనుషులున్న చోటికి రావాలి. గచ్చిబౌలి వైపు ఉండే మా టీమ్ వాళ్లు దీనికి అస్సలు ఒప్పుకోరు. ఆ లైన్‌ను నమ్ముకుని ఫ్లాట్ కొన్నవాళ్లు వాళ్లలో ఉన్నారు, వాళ్ల కోపం నాకు తెలియని కోపమేమీ కాదు.

2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర పాతబస్తీ లైన్‌కు శంకుస్థాపన చేశారు. తర్వాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. 2025 మొదట్లో ఆస్తులు పోయేవాళ్లకు గజానికి 81,000 రూపాయల చొప్పున చెక్కులు ఇవ్వడం మొదలైంది.

మా దుకాణం ముందు భాగం పోయింది. కూల్చిన రోజు నాన్న ఎదురుగా ఉన్న మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చూశారు, అన్నానికి పిలిచినా రాలేదు. మిగిలిన వెనక సగానికి చెక్కు డబ్బులతో స్లాబు మార్పించాం. మొన్న పెద్ద వాన పడితే లోపలికి ఒక్క చుక్క రాలేదు.

బకెట్ మాత్రం ఇంకా ఆ మూలనే ఉంది. అందులో ఇప్పుడు గరిటెలు పెట్టి అమ్ముతున్నారు. రాత్రి షట్టర్ దించుతూ నన్నొక మాట అడిగారు. "శాలిబండ స్టేషన్ మెట్లు మన దిక్కే దిగుతయా, అవతలి దిక్కా?"