3 లక్షల వ్యూస్ వచ్చాయి, యాప్ పేరు మాత్రం ఎవడికీ తెలీదు

వైరల్ మార్కెటింగ్ అంటే నవ్వొచ్చే వీడియో ఒకటి తీసి వదిలేయడమే అనుకునేవాణ్ణి, ఆ భ్రమ పోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

మేం ముగ్గురం కలిసి ఒక చిన్న యాప్ చేశాం, ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకోవాల్సిన పనులు ఒక లిస్టులో పెట్టుకుని ఎవరి వంతు ఎప్పుడో గుర్తు చేసుకునే యాప్. యాడ్స్‌కి డబ్బుల్లేవు. "ఏదో ఒకటి వైరల్ చెయ్ రా" అని మార్కెటింగ్ నా నెత్తిన పడేశారు, అదేదో స్విచ్ వేస్తే అయిపోయే పని అన్నట్టు.

మాలో ఒకడు వరసగా 14 అలారాలు పెట్టుకుని ఒక్కోదాన్నీ ఆపేసి, చివరిది మోగేసరికి ఫోన్‌ని దిండు కిందకి తోసి మళ్ళీ ముసుగు తన్నేసే వీడియో తీశాం. మొత్తం 22 సెకన్లు, ఆఖరి 3 సెకన్లు మా లోగో. రెండు రోజుల్లో 3 లక్షల వ్యూస్! నేను రాత్రంతా రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నా. మూడో రోజు ఇన్‌స్టాల్స్ చూస్తే 212. కామెంట్స్ నిండా "అచ్చం నేనే", "ఒరేయ్ ఇది నువ్వే" అని ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేసుకోవడమే గానీ యాప్ ఊసెత్తినవాడు ఒక్కడూ లేడు. పైగా ఎవరో ఆ చివరి 3 సెకన్లు కోసేసి తమ పేజీలో పెట్టుకుంటే దానికి మాకంటే ఎక్కువ వ్యూస్. ముందు ఒళ్ళు మండింది, తీరిగ్గా చూస్తే లోగో తీసేసినా వీడియోకి ఏ లోటూ రాలేదు, దొంగతనం వాడిదే అయినా తప్పు మాదే.

అప్పుడు కూర్చుని పాత కథలు చదివా. 1996లో హాట్‌మెయిల్ మొదలైనప్పుడు, అందులోంచి వెళ్ళే ప్రతి మెయిల్ అడుగున మీరూ ఫ్రీగా ఈమెయిల్ తెచ్చుకోండి అని ఒక లైను ఉండేది, డబ్బులు పెట్టిన టిమ్ డ్రేపర్ పట్టుబట్టి పెట్టించాడట. ఏడాదిన్నరలో దాదాపు 1.2 కోట్ల మంది చేరారు. ఆన్‌లైన్‌లో ఫైళ్ళు దాచుకునే డ్రాప్‌బాక్స్ వాళ్ళయితే పిలిచినవాడికీ వచ్చినవాడికీ ఇద్దరికీ 500 ఎంబీ జాగా ఫ్రీగా ఇచ్చారు. రెండింట్లోనూ వాడటమే ప్రచారం, మా వీడియోలో వాడటమే లేదు.

జోనా బెర్గర్, క్యాథరిన్ మిల్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్ వ్యాసాలు దాదాపు 7000 తీసుకుని జనం వేటిని ఎక్కువగా మెయిల్ చేసుకున్నారో లెక్క కట్టారు, 2012లో వచ్చిన రీసెర్చ్ పేపర్ అది. ఆశ్చర్యం, కోపం, ఆందోళన లాంటి మనిషిని కుదురుగా ఉండనివ్వని భావాలున్నవి బాగా తిరిగాయి, దిగులు పుట్టించేవి అంతగా తిరగలేదు. మా అలారం వీడియో ఎందుకు తిరిగిందో దాంతో కొంత అర్థమైంది, కానీ తిరగడం వేరు అమ్ముడుపోవడం వేరు కదా.

అసలు కళ్ళు తెరిపించింది కే ఫ్యాక్టర్ లెక్క. పేరు పెద్దది గానీ లెక్క చిన్నదే, ఒక యూజర్ సగటున ఎంతమందిని పిలుస్తాడు, వాళ్ళలో ఎంతమంది చేరతారు, ఆ రెండిటి గుణకారం. మాకు సగటున నలుగురికి లింకు వెళ్తోంది, పదిమందిలో ఒకడు చేరుతున్నాడు, అంటే 0.4. వందమంది వస్తే వాళ్ళు 40 మందిని, ఆ 40 మంది 16 మందిని, అలా తగ్గుతూ తగ్గుతూ అందరూ కలిపి 166 దగ్గర ఆగిపోతుంది. 1 దాటితే తప్ప దానంతటది పెరగదు.

ఇక్కడ నేనొక వెధవ పని చేశా. పిలిచేవాళ్ళ సంఖ్య పెంచితే చాలనుకుని, ఒక్క నొక్కుతో కాంటాక్ట్స్ మొత్తానికి ఇన్విటేషన్ వెళ్ళే బటన్ పెట్టించా. అంకెలు భలే లేచాయి! మర్నాటికి ఒకటే తిట్లు, ఒకావిడ "మా మేనేజర్‌కీ, పదేళ్ళుగా మాట్లాడని ఫ్రెండ్‌కీ కూడా పంపేశారు, సిగ్గుందా" అని ఒక్క స్టార్ ఇచ్చింది. ఆమె మాట నిజమే. నాలుగో రోజు బటన్ పీకేశాం, రేటింగ్ మాత్రం నెలరోజులైనా కోలుకోలేదు.

తర్వాత చేసింది చూడ్డానికి చాలా చిన్న మార్పు. అంతకుముందు లింకు నొక్కితే ఇన్‌స్టాల్ చెయ్, అకౌంట్ పెట్టు, ఓటీపీ కొట్టు, అప్పటికి గానీ లిస్టు కనపడేది కాదు. ఇప్పుడు నొక్కగానే లిస్టు బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది, పైన "ఈ వారం నీ వంతు" అని ఉంటుంది, టిక్ కూడా పెట్టొచ్చు, రిమైండర్ కావాలంటేనే యాప్. పంపేవాడికి నిజంగా అవసరం ఉండి పంపుతున్నాడు, అందుకునేవాడికి వెంటనే పని జరుగుతోంది. రెండు నెలల్లో 0.4 కాస్తా 0.7 అయింది, అంటే అదే వందమంది ఇప్పుడు 333 దాకా వెళ్తున్నారు. 1 దాటలేదు, దాటుతుందని ఆశ కూడా లేదు, మిగతాది ఒక్కొక్కణ్ణీ అడుక్కుని తెచ్చుకుంటున్నాం.

మొన్న మా పిన్ని వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది, పైన రెండు బాణాల గుర్తు, అంటే కనీసం ఐదు చేతులు మారి వచ్చిందన్నమాట. తెరిస్తే 14 అలారాల మావాడు, లోగో లేదు. కింద పిన్ని మెసేజ్: "చూడరా, ఇలాంటివి చెయ్యండి మీరు కూడా."