ఎనిమిదో నంబరు ఫ్లై రాడ్డుకు పిడి ఆకారం: నా అనుభవం

చేపలు పట్టే ఫ్లై రాడ్డును విడి భాగాలు తెప్పించి కట్టించుకోవాలనుకునేవారు బ్లాంకు (పిడి, రింగులు లేని ఉత్త రాడ్డు) గురించి, రీలు (దారం చుట్టే చక్రం) గురించి ఎంతైనా చదువుతారు గానీ, రోజంతా చేతిలో ఉండే పిడి దగ్గరకు వచ్చేసరికి అమ్మేవాడు ఏది చూపిస్తే దానికే తల ఊపుతారు. నేను ఊపలేదు. అందువల్ల పడిన అవమానం ఇంకా చల్లారలేదు కాబట్టి, చల్లారకముందే రాసిపెడుతున్నాను.

భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట పండుగప్ప, పార చేపల కోసం విసరడానికి తొమ్మిది అడుగుల, నాలుగు ముక్కల, 8వ నంబరు (విసిరే లైను బరువును బట్టి పెట్టే అంకె) గ్రాఫైట్ బ్లాంకు తీసుకున్నాను. అది విదేశం నుంచి వచ్చింది, కస్టమ్స్ సుంకం కట్టాను, పొడవాటి గొట్టంలో క్షేమంగా చేరింది. ఉప్పునీటికి తట్టుకుంటుందని రీలు సీటు, అంటే రీలును బిగించే భాగం, యానొడైజ్ చేసిన అల్యూమినియంది ఎంచుకున్నాను. ఇక్కడివరకు చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు.

పిడి కోసం నగరంలో వేట సామగ్రి అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. నేను ఓడల మరమ్మతు పనుల్లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి పదవీ విరమణ పొందిన మనిషిని. అర మిల్లీమీటరు తేడా వస్తే పై అధికారి చేత మాట పడే వృత్తిలో, మాట పడకుండా బయటపడినవాణ్ని. కాబట్టి అలవాటు చొప్పున పిడి బొమ్మ గీసి, దాని మీద నా అనుమానాలు వరసగా రాసి తీసుకెళ్లాను. దుకాణదారు ఆ కాగితం చదవకుండానే పక్కనున్న కుర్రాడి చేతికిచ్చాడు, ఆ కుర్రాడు గాలాలు కొనడానికి వచ్చిన ఇద్దరికి చూపించాడు, నలుగురూ నవ్వారు. “గురూగారూ, ముందు విసరడం నేర్చుకోండి, పిడి సంగతి తరవాత చూద్దాం. ఈ వయసులో ఈ లెక్కలన్నీ ఎందుకండీ?” అన్నాడు. ఆ తరవాత స్పిన్నింగ్ రాడ్డుకు వాడే పొడవాటి నల్లటి ఫోమ్ పిడి ఒకటి బల్ల మీద పడేసి, అందరికీ ఇదే సరిపోయిందని తేల్చేశాడు. స్పిన్నింగ్ రాడ్డులో రీలు చేతికి దగ్గరగా, వేళ్ల మధ్య ఉంటుంది. ఫ్లై రాడ్డులో రీలు పిడికి వెనక, చేతికి అవతల ఉంటుంది. ఈ రెండింటికీ ఒకే పిడి ఎలా సరిపోతుందని అడిగితే, “సరిపోతుందండీ” అని ఇంకాస్త గట్టిగా అన్నాడు. చెప్పుల దుకాణంలోనైనా కాలు చూసి చెప్పు తీస్తారు. ఆయన నా అరచెయ్యి ఎంతుందో ఒక్కసారైనా చూడలేదు. కాగితం వెనక్కి తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని వచ్చేశాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి మళ్లీ నవ్వు వినబడింది.

నవ్వినవారికి తెలియని విషయం ఒకటుంది. ఫ్లై రాడ్డులో విసిరే బరువు గాలానిది కాదు, లైనుది, అంటే దారానిది. 5వ నంబరు లైను ముందు ముప్పై అడుగులు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగుతుంది. 8వ నంబరు లైను 210 గ్రెయిన్లు, అంటే సుమారు 13.6 గ్రాములు. ఆ బరువును గాలిలో వెనక్కి చాపి, ఆపి, ముందుకు తోసి, మళ్లీ టక్కున ఆపాలి. ఆ ఆపడంలో బొటనవేలు ముందుకు నొక్కుతుంది, కింది వేళ్లు వెనక్కి లాగుతాయి. నాకు కుడి బొటనవేలు మొదట్లో కీలు నొప్పి ఉంది, అరచెయ్యి కూడా చిన్నది. కాబట్టి బొటనవేలి కింద ఏ ఆకారం ఉందన్నది నాకు వేడుక కోసం అడిగిన ప్రశ్న కాదు.

చుట్ట ఆకారపు పిడి, అంటే సిగార్, మధ్యలో లావుగా ఉండి రెండు చివర్లా సన్నబడుతుంది. చూడడానికి అందంగా ఉంటుంది, 3, 4, 5 నంబర్ల తేలిక రాడ్లకు హాయిగా ఉంటుంది. బరువైన లైనుకు మాత్రం బొటనవేలు నొక్కే చోటే పిడి పల్లమవుతుంది కాబట్టి వేలికి ఆనుకునే మిట్ట దొరకదు. ఫుల్ వెల్స్ పిడికి ముందూ వెనకా రెండు చివర్లూ ఉబ్బి, మధ్యలో ఇంకో ఉబ్బు ఉంటుంది. ముందు ఉబ్బు వాలు మీద బొటనవేలు నిలుస్తుంది. ఉప్పునీటి రాడ్లకు ఎక్కువగా దీన్నే వాడడానికి కారణం ఇదే. ఇక హాఫ్ వెల్స్‌కు ఒక్క చివరే ఉబ్బు ఉంటుంది. అది ముందుండాలా వెనకుండాలా అన్నదాంట్లో అమ్మేవారు ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పరు, ఒకే పేరుతో తిరగేసిన ఆకారాలు పంపుతారు. కాబట్టి పేరు చెప్పి ఆర్డరు పెట్టవద్దు. ప్రతి అంగుళం దగ్గరా వ్యాసం రాసిన బొమ్మ పంపండి. దాన్ని చూసి నవ్వే మనిషికి మాత్రం డబ్బు ఇవ్వకండి.

రీలు సీటు కూడా ఇందులో కలగజేసుకుంటుంది. రీలును పైకి, పిడి వైపుకు బిగించే రకం సీటయితే, రీలు కాలును పట్టి ఉంచే దాని పై టోపీ పిడి వెనక చివరలోకి దూరి దాక్కోవాలి. ఆ చివర సన్నబడితే టోపీ చుట్టూ ఉండే పిడి కార్కు పొరలా పల్చబడి పగిలిపోతుంది. నేను కొన్న సీటు ఆ రకందే. అందుచేత వెనక ఉబ్బు తప్పనిసరి అని తేలిపోయింది, సిగార్ పక్కకు తప్పుకుంది. మిగిలిన ప్రశ్న ముందు చివర ఎలా ఉండాలి, మధ్య ఎంత లావుండాలి అన్నదే.

అది కాగితం మీద తేలదు, చేత్తో పట్టుకుని చూడాలి. విశాఖలో అలా పట్టుకుని చూడడానికి ఫ్లై రాడ్లు తగిలించి ఉంచిన దుకాణమేదీ నాకు కనబడలేదు. అప్పుడు ఏటికొప్పాక గుర్తుకొచ్చింది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క బొమ్మలు చేసే ఊరు, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలవి. కర్రను గుండ్రంగా తిప్పడమే అక్కడివారి పని కదా అని బొమ్మ గీసిన కాగితం పట్టుకుని వెళ్లాను. ఒక పెద్దాయన కాగితం చూసి నవ్వలేదు. “ఏదీ, సెయ్యి సూపించండి బాబూ” అన్నాడు. నా పిడికిలిని ఒక కర్ర చుట్టూ మూయించి, వేళ్ల కొసలు అరచేతికి ఎక్కడ తగులుతున్నాయో చూసి, కాలిపర్ పట్టి కొలుచుకున్నాడు. ఫ్లై రాడ్డు అన్న మాట ఆయన ఎప్పుడూ వినలేదు, అయినా అడగవలసిన మొదటి ప్రశ్న ఆయనే అడిగాడు. రంగు లేకుండా, లక్క లేకుండా, మధ్యలో బెజ్జం వేసి ఫుల్ వెల్స్ రెండు లావుల్లో, ముందు ఉబ్బు లేనిది ఒకటి తిప్పి ఇచ్చాడు.

వాటిని ఒక్కొక్కటిగా బ్లాంకు మొదలుకు మాస్కింగ్ టేపుతో బిగించి, రీలు కూడా తగిలించి, భీమిలి ఇసుకలో పొద్దున్నే విసిరి చూశాను. కర్ర కార్కుకన్నా బరువు కాబట్టి ఈ నమూనాలతో తూకం తెలియదు, ఆకారం మాత్రమే తెలుస్తుంది. అది మరిచిపోయి రాడ్డు వెనక్కి వాలుతోందని కంగారు పడవద్దు. ముందు ఉబ్బు లేనిదాంతో కాసేపటికే బొటనవేలు జారి, మణికట్టు వంగిపోయి, లైను వెనక ఇసుకకు తగిలింది. లావు ఫుల్ వెల్స్‌తో వేళ్లు పూర్తిగా మూసుకోక, జారిపోతుందేమోనని గట్టిగా పిసికి పట్టుకోవడంతో కీలు నొప్పి ముంజేతిదాకా పాకింది. సన్నటి ఫుల్ వెల్స్‌తో వేళ్ల కొసలు బొటనవేలి కింది కండను తాకీ తాకకుండా ఆగాయి, పట్టు వదులుగానే ఉన్నా రాడ్డు తిరగలేదు. మధ్య ఉబ్బు దగ్గర వ్యాసం 25 మిల్లీమీటర్లు, ఉబ్బుల మధ్య సన్నబడే నడుము దగ్గర 21, ముందు ఉబ్బు 24, టోపీ దాగే వెనక చివర 27. నా చేతికి కుదిరిన కొలతలివి. మీ చేతికి మీరే చూసుకోవాలి.

కార్కు పని ఇంట్లోనే చేశాను. ఫోమ్ చవకే గానీ, విశాఖ ఉక్కలో చెమట పట్టిన చేతికి, తడిసినా జారని కార్కే నచ్చుతుంది. ఓక్ జాతి చెట్టు బెరడు అది, ఒకసారి ఒలిచాక మళ్లీ ఒలవడానికి తొమ్మిదేళ్లు ఆగాలి. ప్రపంచంలో సగం కార్కు పోర్చుగల్ నుంచే వస్తుంది. మంచి రకం ఖరీదెందుకో ఇప్పుడు అర్థమవుతుంది. అర అంగుళం బిళ్లలు పద్నాలుగు, నీటికి విడవని జిగురుతో అంటించి, మరలు చెక్కిన ఇనప కడ్డీకి గుచ్చి రాత్రంతా బిగించి ఉంచితే ఏడు అంగుళాల కార్కు దిమ్మె తయారవుతుంది. దాన్ని ఉలితో చెక్కితే పెచ్చులు లేస్తాయి, డ్రిల్లు మెషీనుకు తగిలించి తిప్పుతూ 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 400 దాకా రావాలి. లోపలి బెజ్జాన్ని గుండ్రటి ఆకురాయితో, బ్లాంకు సన్నబడే తీరుకు సరిపోయేలా, పెట్టి చూసుకుంటూ కొద్దికొద్దిగా తొలవాలి. ఒకేసారి లావు డ్రిల్లు బిట్టు దింపితే ముందు చివర వదులై, ఎపాక్సీ జిగురు ఎంత పోసినా లోపల బోలుగా మిగిలి, కొన్నాళ్లకు పిడి టిక్కుటిక్కుమంటుంది. నన్ను చూసి నవ్విన ఆ దుకాణంలో తగిలించి ఉన్న రాడ్లలో ఒకదాన్ని ఊపి చూసినప్పుడు ఆ చప్పుడు వచ్చింది. ఆ దుకాణదారుకు చెప్పలేదు.