మా అమ్మాయికి ముద్దుపేరు కుదిరిన వైనం

మా అత్తవారి ఇంటిపేరు చింతా. అసలు పేరు పెట్టడంలో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇరవై ఒకటో రోజున పళ్ళెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో శ్రీహిత అని రాసి, ఉయ్యాలలో వేశాం. చిక్కంతా ముద్దుపేరుతోనే వచ్చింది. పాప బుగ్గలు చూసి మా అత్తయ్యగారు మొదటి రోజు నుంచే "పండూ" అని పిలవసాగారు. ఆ పిలుపు ఇంటిపేరు పక్కన చేరితే ఏమవుతుందో, రెండు డిగ్రీలు చదివిన నాకు కూడా తట్టలేదు.

ఒకటిన్నర నెల సూదికి ఒక బుధవారం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. నేను పాపకు పాలు పట్టడానికి పక్కకు వెళ్ళిన సమయంలో అక్కడి ఉద్యోగిని పేరు అడగగా, అత్తయ్యగారు "పండు అండీ" అన్నారట, ఇంటిపేరు అడగగా "చింతా" అన్నారట. ఆమె ఆ రెండింటినీ కలిపి కార్డులో రాసేసింది. పావుగంట తరువాత, నలభై మంది తల్లులు కూర్చున్న వరండాలోకి వచ్చి, "చింతపండు! చింతపండు ఎవరమ్మా?" అని కేక వేసింది. కాగితం మీద ఉన్న దీర్ఘం నోటి దగ్గరకు వచ్చేసరికి మాయమైంది. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తరువాత నవ్వులు. నేను లేచి నడుస్తుంటే ఒక పెద్దాయన, "కొత్త చింతపండు కదమ్మా, పులిహోరకు బాగుంటుంది" అన్నారు. సూది పొడిచినప్పుడు పాప ఏడ్చింది. నాకు అంతకు ముందే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేరు దిద్దమని అడిగితే, కొట్టివేతలు ఉన్న కార్డు చెల్లదని ఆమె తేల్చి చెప్పింది. పసిబిడ్డ పేరు పైకి ఒకసారి చదువుకొని రాయడానికి ఎంత సమయం పడుతుందని నేను ఇప్పటికీ అడుగుతాను.

ఆ రాత్రే వేరే పేర్ల కోసం కూర్చున్నాం. చిగురు అంటే కూరలోకి వెళ్ళిపోతుంది. మణి అంటే కోరినది ఇచ్చే రత్నమే అవుతుంది గాని, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించిన నాటకం పేరు కూడా అదేనని మావారు గుర్తు చేశారు. అమెరికాలో ఉన్న మా మరిది, అక్కడ ఇంటిపేరు చివర వస్తుంది కనుక "పండు చింతా" అన్నా ఎవరూ నవ్వరని ఉచిత సలహా ఇచ్చాడు. మామిడి వారి ఇంట పండు పుడితే మురిపెం. మా ఇంట పుడితే పులుపు. దోమ అనే ఇంటిపేరు గలవారు మాత్రం బిడ్డను కుట్టి అని పిలవకుండా ఉంటే మంచిది. ముద్దుపేరు అనుకున్నాక ఇంటిపేరుతో కలిపి, వీధి చివరి వరకు వినబడేలా మూడుసార్లు అరిచి చూడండి.

చివరికి చిన్నారి అని నిర్ణయించాం. జనన ధ్రువపత్రంలో శ్రీహిత పేరు చేర్చడం ఒక్క పూటలో పూర్తయింది. ఏడాదిలోపు కనుక రుసుము లేదు.

మొన్న తొమ్మిదో నెల సూదికి అదే కార్డుతో వెళ్ళాం. మళ్ళీ అదే కేక వినబడింది. నేను తల వంచుకొని లేచేలోపే, నా భుజం మీద ఉన్న చిన్నారి ఆ పిలుపు వచ్చిన వైపు తిరిగి, చేతులు చాచి నవ్వింది.