ఈ పుస్తకం ఎవరికబ్బా?

ఊళ్లో నడుపుకునే చిన్న గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు కొనడానికి వేసుకునే జాబితాలో మామూలుగా నాలుగు గళ్లుంటాయి: పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ, వెల. పక్కన ఇంకో గడి గీయండి. ఆ పుస్తకాన్ని మొట్టమొదట ఇంటికి తీసుకెళ్లే మనిషి ఎవరో అందులో రాయండి. "పాఠకులు", "మహిళలు", "యువత" అని రాస్తే కుదరదు. పాలకేంద్రం పక్కన మిషను కుట్టే అక్క, కిరాణా కొట్టాయన కూతురు, ఆర్టీసీలో రిటైరైన కండక్టరు గారు... ఇట్లా మనిషి కళ్ల ముందు కనపడాలి. గడి ఖాళీగా ఉందా, ఆ పుస్తకం ఈసారికి వద్దు.

గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ఇచ్చిన ఐదు సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. రెండోదాన్ని సభల్లో అందరూ చెబుతారు. డబ్బు దండగయ్యేది మాత్రం మూడోదాన్ని మరిచినప్పుడే. ఒంగోల్లో అపార్టుమెంటు కింద పెట్టిన రెండు బీరువాలకైనా, కందుకూరు పక్క పల్లెలో చావిడి గదికైనా ఇదే లెక్క.

ఆ గడి నిండాలంటే జనాన్ని అడగాలి. "మీకెట్లాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే అందరూ "మంచి పుస్తకాలేవైనా పర్లేదండీ" అంటారు. ఆ జవాబుతో ఏమీ కొనలేం. రెండే ప్రశ్నలు వేయండి. ఈమధ్య ఆఖరి పేజీ దాకా చదివింది ఏది? సగంలో వదిలేసింది ఏది, ఎక్కడ వదిలారు? రెండో ప్రశ్నకు వచ్చే జవాబే ఎక్కువ పనికొస్తుంది. "పేర్లు గుర్తుండటం లేదు" అన్నారంటే పాత్రలు ఎక్కువున్న పెద్ద నవల ఆమెకు వద్దు, కథల పుస్తకం కావాలి. "అక్షరాలు ఆనలేదు" అన్నారంటే తప్పు పుస్తకానిది కాదు, అచ్చుది.

ఇరవై వేల రూపాయలున్నాయనుకోండి. ఏడు వేలు పిల్లలకు, ఐదు వేలు కథలకు, నవలలకు, రెండు వేలు పోటీ పరీక్షలకు, రెండు వేలు భక్తి, పురాణాలకు, ఒక వెయ్యి సేద్యం, చెరువులు, ఆరోగ్యం, చట్టం లాంటి వాటికి. మిగిలిన మూడు వేలు ముట్టుకోవద్దు. ఏడాది పొడవునా ఎవరో ఒకరు వచ్చి ఫలానా పుస్తకం ఉందా అంటారు. లేదని పంపకుండా రాసుకుని, నెలలోపు తెప్పించి ఇస్తే ఆ మనిషి ఇక మానడు. ఒకేసారి మొత్తం ఖర్చు పెట్టేస్తే ఈ వీలుండదు. జనవరి మొదట్లో విజయవాడలో పుస్తకాల పండగ జరుగుతుంది, అక్కడ ఒక విడత. జూన్‌లో బడులు తెరిచాక ఇంకో విడత. తక్కువ పుస్తకాలైతే ప్రచురణకర్తకే ఫోన్ చేసి ఆర్టీసీ కార్గోలో వేయించుకోవచ్చు. గ్రంథాలయానికని చెప్పి తగ్గింపు అడగండి, అడక్కపోతే ఇవ్వరు. పుస్తకాల మీద జీఎస్టీ లేదు, బిల్లులో ఆ వరస కనబడితే తీసేయమనండి.

పిల్లల పుస్తకాల దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కారణం ఒకటే, వయసు చూసి కొనడం. ఆరో తరగతి పిల్లాడు ఇంగ్లీషు మీడియంలో చదువుతూ తెలుగు మాత్రం రెండో తరగతి పిల్లాడిలా కూడబలుక్కుంటూ ఉంటాడు. వాడికి కుందేలు, తాబేలు కథ ఇస్తే చిన్నతనంగా ఉంటుంది. వయసుకు తగ్గ నవల ఇస్తే రెండో పేజీలో మూసేస్తాడు. విషయం పదకొండేళ్లవాడికి సరిపోయి, అక్షరం ఏడేళ్లవాడు చదవగలిగేలా ఉండేవి వెతకాలి: బొమ్మల కథలు, పొడుపు కథలు, పక్షుల మీద, రాకెట్ల మీద బొమ్మలతో వచ్చే చిన్న పుస్తకాలు.

అక్షరం మెట్టు కొలిచే పద్ధతి తెలుగులోనే ఉంది. "పడవ", "గంప" ఒక మెట్టు. "కాకి", "చీమలు" అంటే గుణింతాలు వచ్చాయి. "అక్క", "చెట్టు", "గుడ్డు" ద్విత్వాలు. "చంద్రుడు", "పుస్తకం" సంయుక్తాలు. "రాష్ట్రం", "స్త్రీ" సంశ్లేషాలు. పుస్తకాన్ని మధ్యలో తెరిచి పది వరసలు తీసుకోండి. వేరే హల్లు ఒత్తు పడిన మాటలెన్నో వేలితో లెక్కపెట్టండి. రెండు మూడు తరగతుల పిల్లలకైతే ఐదారు మించితే పక్కన పెట్టేయొచ్చు. అట్ట మీద "6-8 సంవత్సరాలు" అని రాసి ఉన్నా సరే, లోపల "ప్రత్యక్షమయ్యెను", "నిష్క్రమించెను" అని ఉంటే ఆ అంకెను నమ్మొద్దు. పిల్లలు ఎదురుగా ఉంటే ఇంకా తేలిక. ఒక పేజీ పైకి చదవమని, ఆగిన ప్రతి మాటకీ ఒక వేలు ముడవమనండి. చెయ్యి మూసుకుపోతే ఆ పుస్తకం ఇప్పుడు కాదు. ఒక్క వేలూ ముడవకపోతే వాడు దాన్ని ఎప్పుడో దాటేశాడు.

కొనే ముందే ఈ పరీక్ష ఊరికే చేసుకునే దారి ఒకటుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా విడగొట్టి పెట్టారు. ఫోన్లో తలా ఒక కథ చదివిస్తే మీ వీధి పిల్లలు ఎక్కువమంది ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారో తెలుస్తుంది. పిల్లల పుస్తకాల డబ్బులో సగం ఆ మెట్టు మీదే పెట్టండి. పక్కపక్కనే రెండు భాషలూ ఉండే పుస్తకాలు చూడటానికి బాగుంటాయి కానీ, ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇంగ్లీషు వరస చదివేసి పేజీ తిప్పేస్తారు. తెలుగు కోసమే కొంటుంటే అవి వద్దు.

అనువాదాలను మాత్రం తప్పకుండా పైకి చదివి చూడాలి. అమ్మ బిడ్డతో "నీవు ఏమి చేయుచున్నావు ప్రియా?" అంటుంటే ఆ పుస్తకం ఎంత రంగుల్లో ఉన్నా పక్కన పెట్టండి. మన ఇళ్లలో అట్లా ఎవరూ మాట్లాడరు. పిల్లలకు ఆ సంగతి మనకన్నా ముందే తెలిసిపోతుంది.

ఇక పుస్తకం ఒళ్లు చూడటం. మన గ్రంథాలయం ముద్ర వేశాక కొట్టువాళ్లు వెనక్కి తీసుకోరు కాబట్టి ఈ పని ముద్రకు ముందే. మన నవలలు ఎక్కువగా డెమ్మీ 1/8 సైజులో వస్తాయి. ఈ సైజులో ఫారానికి, అంటే ఒక పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచిన కట్టకు, 16 పేజీలు. బైండింగులో ఒక ఫారం రెండుసార్లు పడి, దాని తర్వాతది ఎగిరిపోవడం మామూలుగా జరిగే తప్పు. 65 నుంచి 80 దాకా వచ్చి మళ్లీ 65 మొదలవుతుంది, 81 నుంచి 96 ఉండవు. డిటెక్టివ్ నవల్లో ఇట్లా జరిగితే చదివేవాళ్ల తిట్లు మీకే. అందుకని 16-17, 32-33, 48-49, 64-65, 80-81 ఇట్లా ఫారాలు కలిసే చోట పేజీ అంకెలు చూసుకుంటూ పోవాలి. ముందుమాటల పేజీలకు విడిగా అంకెలు వేసి ఉంటే ఈ లెక్క ముందుకో వెనక్కో జరిగిపోతుంది. అప్పుడు మూల పట్టుకుని అన్నీ తిప్పేయడమే, రెండు నిమిషాల పని.

తర్వాత వెన్ను. పుస్తకాన్ని నిలబెట్టి పైనుంచి చూడండి. కాగితాలు చిన్న చిన్న మడతలుగా కట్టలు కట్టినట్టు కనిపిస్తే చాలావరకు కుట్టిన బైండింగు. బల్లపరుపుగా కోసి ఉంటే గమ్ము. నిఘంటువు, ప్రతిపదార్థాల పుస్తకం, వంటల పుస్తకం లాంటివి బల్ల మీద తెరిచి పెట్టుకునేవి కాబట్టి వీలైనంత వరకు కుట్టినవే తీసుకోండి. గమ్ము పాతబడితే బిరుసెక్కి సరిగ్గా నడుమ పగులుతుంది. చిన్న పిల్లలకు మధ్యలో పిన్ను కొట్టిన 16, 24 పేజీల పుస్తకాలే మేలు, ఎంత విరిచినా ఊడవు. నున్నటి ఆర్టు పేపరు మీద అచ్చయిన వాటితో మన వైపు ఒక చిక్కుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గోడల చెమ్మ. తడి తగిలితే ఆ పేజీలు ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరిపే వీలుంటేనే అవి కొనండి.

పెద్దవాళ్లకు అచ్చు సైజు పాయింట్లలో అడిగితే లాభం లేదు, ఒకే 14 పాయింట్లు ఒక ఫాంటులో పెద్దగా, ఇంకోదాంట్లో చిన్నగా కనపడుతుంది. డెమ్మీ పేజీలో వరసలు లెక్కపెట్టండి. 26 లోపు ఉంటే కళ్లజోడు తాతయ్యలు కూడా హాయిగా చదువుతారు. 34 దాటితే నడివయసు వాళ్లే విసుక్కుంటారు. పై వరస ఒత్తులు కింది వరస గుడిదీర్ఘాలను తాకుతున్నాయా అన్నదీ చూడాలి. తాకుతుంటే పట్టుమని పది పేజీలు చదవలేరు.

తిక్కన గారి ఊరు కదా, భారతం అడిగే పెద్దలు నెల్లూరులో ఎప్పుడూ ఉంటారు. వెంటనే పద్దెనిమిది పర్వాల సెట్టు కొనేయకండి. సెట్టులో మొదటి సంపుటం నలుగుతుంది, మిగతావి కొత్తగానే ముసలివైపోతాయి. తిక్కన మొదలుపెట్టిన విరాటపర్వం ఒక్కటి, టీకా తాత్పర్యాలతో ఉన్నది తెచ్చిపెట్టండి. వానల కోసం విరాటపర్వం చదివించే ఆచారం ఉంది కాబట్టి కనిగిరి, ఉదయగిరి లాంటి మెట్ట ప్రాంతాల్లో ఒక ప్రతి ఎటూ ఉండాల్సిందే. అది చేతులు మారితే ఉద్యోగపర్వం సంగతి ఆలోచించొచ్చు.

పోటీ పరీక్షల పుస్తకాలకు అట్ట మీద ఏడాది మారుతుంది, లోపల సరుకు మారదు. ఆంధ్రప్రదేశ్ భూగోళం అధ్యాయం తెరవండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఇంకా 13 అంటుంటే అది పాత పుస్తకానికి కొత్త చొక్కా. కరెంట్ అఫైర్స్ కొనడమే దండగ, ఏడాది తిరిగేసరికి కాటాకే. వ్యాకరణం, అంకగణితం, చరిత్ర లాంటి నిలిచే వాటి మీద పెట్టండి.

చెరువుల పుస్తకాలకూ ఇట్లాంటి గుర్తే ఒకటుంది. మన దేశంలో వనామీ రకం రొయ్యల సాగుకు 2009లో అనుమతి వచ్చింది. రొయ్యల పుస్తకం మొత్తం టైగర్ రొయ్య గురించే ఉంటే, దాంట్లోని రొయ్య పిల్లల సాంద్రత, మేత లెక్కలు ఇప్పటి వనామీ చెరువుకు పనికిరావు. క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్స్ వాడమని రాసున్న పుస్తకమైతే బీరువాలో ఉండనే కూడదు. దాన్ని నమ్మి వాడితే సరుకు ఎగుమతి దగ్గర తిరిగొస్తుంది.

కథలు, నవలలు ఎంచుకునేటప్పుడు ముందుమాటలు చదవకండి. మనవాళ్లకు ముందుమాట రాయమంటే పెళ్లిలో ఆశీర్వచనంలా రాస్తారు, అందరూ దీర్ఘాయుష్మంతులే. మొదటి కథలో మొదటి పేజీ, మూడో కథలో మధ్య పేజీ చదవండి, చాలు. మన యాసలో రాసిన పుస్తకాలు ఏడాదికి రెండయినా కొనండి. "కత" అని రాసున్న పేజీ చూడగానే ఇక్కడి వాళ్ల మొహం విప్పారుతుంది. కొత్త పేర్లు తెలియాలంటే కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారాలు 2010 నుంచి, 35 ఏళ్ల లోపు వాళ్లకిచ్చే యువ పురస్కారాలు 2011 నుంచి ఉన్నాయి, ఆ తెలుగు జాబితాలు తిరగేయొచ్చు. అవార్డు మంచి పుస్తకానికే వచ్చి ఉండొచ్చు. అయినా ఐదో గడి ఖాళీ అయితే ఖాళీయే. వెన్ను మీద పేరు పట్టనంత సన్నటి కవిత్వం పుస్తకాలను బీరువాలో దూర్చకండి, అట్ట కనపడేట్టు పెట్టలేకపోతే కొనీ లాభం లేదు.

ఉచితంగా ఇస్తామనే వాళ్లకు ముందే ఒక మాట చెప్పేయాలి: పనికిరానివి వేరేవాళ్లకు ఇచ్చేస్తాం, మీకు సమ్మతమేనా? మొహమాటపడితే ఇరవై ఏళ్ల నాటి గైడ్లతో ఒక అర నిండిపోతుంది. పాతవన్నీ భద్రం చేయడానికి 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు ఉన్నాయి. దాచడం వాళ్ల పని, తిప్పడం మన పని.

పుస్తకం వెనక తేదీల చీటీ అంటించి, ఏడాది చివర ఐదో గడితో పక్కపక్కన పెట్టి చూడండి. పేరు రాసిన మనిషి తీసుకెళ్లలేదంటే ఎందుకో కనుక్కోండి. చాలాసార్లు "వచ్చిందని నాకు తెలీదే" అంటారు, కొన్నప్పుడే ఒక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. రెండు తేదీలు కూడా పడని వాటిని పక్క ఊరి గ్రంథాలయంతో ఆరు నెలలకు మార్చుకోండి, యాభైకి యాభై. రిజిస్టరు నంబర్లు రెండు వైపులా రాసుకుని, పుస్తకాలు తిరిగొచ్చాక చీటీలు చూడండి. కావలిలో కదలని పుస్తకం కందుకూరులో పది చేతులు మారి రావచ్చు. అట్లా వచ్చిన దాన్ని తిరిగి అడగకుండా వాళ్లకే ఇచ్చేసి, బదులుగా ఇక్కడ తిరిగిన వాళ్ల పుస్తకం ఒకటి ఉంచేసుకోండి.